వలస పక్షులూ, వలస మనుషులూ

‘వలస’ అనే మాట రాజధాని నగరంలో రెండు చోట్ల తరచుగా వినిపిస్తుంది. జోర్‌బాగ్‌లోని ఇందిరా పర్యావరణ భవన్‌లో అది పక్షులకూ, తాబేళ్ళకూ సంబంధించిన మాట. కార్మిక మంత్రిత్వ శాఖలో అది మనుషులకు సంబంధించిన మాట. మొదటి చోట వలసను ప్రకృతి ప్రసాదంగా భావించి అంతర్జాతీయ మహాసభలు జరుపుతారు. రెండవ చోట దానిని సమస్యగా భావించి సంఘాలు నియమిస్తారు. ఈ రెండు వలసలకూ మూలమైన నీరు ఒక్కటేననీ, ఆ నీరు చెడితే పక్షీ, మనిషీ ఒకే దారిన లేచిపోవలసి వస్తుందనీ చెప్పే ఫైలు మాత్రం ఈ రెండు చోట్లా ఇంతవరకు నా కంట పడలేదు.

ఈ వారం లేఖకు విషయాన్ని అందించినది పార్లమెంటు కాదు, మంత్రివర్గమూ కాదు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఖరిదా అనే పేట. ఇటీవల రెండు రోజులు అక్కడ గడిపే అవకాశం నాకు లభించింది. రైలు ఇంజన్ల కూత వినిపించే ఆ సందులలో నడుస్తుంటే బెంగాలీ, హిందీ మాటల నడుమ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల యాస చెవిని పడుతుంది. పందొమ్మిదవ శతాబ్దం చివరి సంవత్సరాలలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ అడుగు పెట్టింది. 1904లో పెద్ద వర్క్‌షాపు వెలసింది. పట్టాలు వేయడానికి కొందరు, ఇంజన్లకు బొగ్గు వేయడానికి కొందరు, వర్క్‌షాపులో సుత్తి పట్టడానికి కొందరు — ఆనాటి విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి తెలుగువారు తరలివచ్చారు. నాలుగు తరాలు గడిచినా వారు మాటను వదలలేదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా కల్పించాలని నిర్ణయించినప్పుడు అందరి దృష్టీ మళ్ళినది ఖరగ్‌పూర్ వైపే.

వర్క్‌షాపులో జీవితమంతా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుతుండగా, ఆయన నన్ను రాజకీయాల గురించి అడగలేదు. బాబూ, మీరు ఢిల్లీలో ఉంటారు గదా, మా టెక్కలి దగ్గర తేలినీలాపురానికి పక్షులు ఇంకా వస్తున్నాయా అని అడిగారు. ఆయన తల్లిగారి ఊరు ఆ చుట్టుపక్కలదేనట. చిన్నతనంలో సెలవులకు వెళ్ళినప్పుడు చెట్ల నిండా గూడబాతులు ఉండేవనీ, వాటి మీద రాయి విసిరితే పెద్దవాళ్ళు వీపు విమానం మోత మోగించేవారనీ ఆయన జ్ఞాపకం. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను ఎవరైనా కొడతారా బాబూ అని నన్నే ఎదురు ప్రశ్నించారు. ఊరు విడిచి వచ్చిన మనిషి ఊరికి వచ్చే పక్షిని గురించి బెంగపడడంలో నాకు ఒక గొప్ప న్యాయం కనిపించింది. ఆ ప్రశ్నకు సమాధానం వెతికే ప్రయత్నమే ఈ లేఖ.

పట్టాల పక్కనే కొలువు

ముందుగా ఖరగ్‌పూర్ పరిధిలోని సంగతి చెప్పుకోవడం సముచితం. హౌరాకు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో సంత్రాగచ్చి స్టేషను ఉన్నది. అది ఆగ్నేయ రైల్వేలోని ఖరగ్‌పూర్ డివిజనుకు చెందినది. స్టేషనును ఆనుకొని రైల్వేవారి సొంత సరస్సు ఒకటి ఉన్నది. రైళ్ళు అరుస్తున్నా, లారీలు దుమ్మురేపుతున్నా, ప్రతి శీతకాలంలోనూ వేల సంఖ్యలో బాతులు వచ్చి ఆ నీటి మీద వాలుతాయి. వాటిలో అధిక భాగం ఈల వేసినట్లు కూసే చిన్న బాతులు. బెంగాలీలు వాటిని సరాల్ అంటారు. వాటితోపాటు హిమాలయాలకు ఆవలి నుంచి వచ్చే సూదితోక బాతులు మొదలైనవి కొన్ని కనిపిస్తాయి.

సరస్సును గుర్రపుడెక్క కమ్ముకుంటుంది. ఏటా చలి ప్రారంభానికి ముందు స్వచ్ఛంద సేవకులు దానిని తొలగించి, పక్షులు కూర్చోవడానికి వీలుగా అక్కడక్కడ ద్వీపాల వలె కొంత మొక్కను మిగుల్చుతారు. అంతా తీసివేస్తే పక్షికి నిలువ నీడ ఉండదు. ఏమీ తీయకపోతే వాలడానికి నీరు కనిపించదు. ఈ లెక్క వారికి పుస్తకాలు నేర్పలేదు, ఏళ్ళ తరబడి చూసిన చూపు నేర్పింది.

అయితే గుర్రపుడెక్క పెరగడానికి కారణం చుట్టూ ఉన్న పేటల మురుగునీరు. ఆ నీరు సరస్సులోకి రాకుండా శుద్ధి చేసే బాధ్యత ఎవరిది? సరస్సు రైల్వేది. మురుగు పురపాలక సంస్థ పరిధిలోని ఇళ్ళది. పక్షి అటవీ శాఖది. నీటి కాలుష్యం నియంత్రణ మండలిది. పర్యావరణ న్యాయపోరాటాలకు పేరు పొందిన శ్రీ సుభాష్ దత్తా 2016లో ఈ వ్యవహారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ తూర్పు ధర్మాసనం ముందుకు తీసుకువెళ్ళారు. శుద్ధి కేంద్రానికి స్థలం ఎవరు ఇవ్వాలి, ఖర్చు ఎవరు భరించాలి అన్న వాదులాటలోనే సంవత్సరాలు దొర్లిపోయాయి. పక్షికి ఆకాశంలో సరిహద్దులు లేవు. నేల మీద దిగిన క్షణం నుంచి మాత్రం దానికి నలుగురు యజమానులు; బాధ్యుడు ఒక్కడూ లేడు. దేశంలోని చిత్తడి నేలల కథ అంతా ఈ ఒక్క సరస్సులో ఇమిడి ఉన్నదనడం అతిశయోక్తి కాదు.

చిలికా నేర్పిన పాఠం

సంక్రాంతికి సొంత ఊరు వెళ్ళే ఖరిదా తెలుగువారు ఎక్కే రైలు భద్రక్, కటక్, ఖుర్దారోడ్ దాటి, బాలుగావ్, రంభ స్టేషన్ల మధ్య చాలాసేపు చిలికా సరస్సు వెంట సాగుతుంది. దాదాపు 1,100 చదరపు కిలోమీటర్ల ఈ ఉప్పునీటి సరస్సు చలికాలంలో మన దేశానికి వచ్చే పక్షుల విడిది పట్టులలో అగ్రగణ్యమైనది. ఇటీవలి లెక్కింపులలో వాటి సంఖ్య పది లక్షలు దాటుతున్నది. సైబీరియా, మంగోలియా, మధ్య ఆసియా దేశాలలో మంచు గడ్డకట్టగానే అవి దక్షిణానికి బయలుదేరుతాయి. ఉత్తర ధ్రువ ప్రాంతం నుంచి హిందూ మహాసముద్రం వరకు 30 దేశాల మీదుగా సాగే ఈ దారిని శాస్త్రజ్ఞులు మధ్య ఆసియా గగనపథం అంటారు.

చిలికా 1981లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాకు ఎక్కింది. పన్నెండేళ్ళకే, 1993లో, ప్రమాదంలో పడిన వాటి జాబితాలోనూ చేరింది. నదులు తెచ్చిన ఒండ్రు సముద్ర ముఖాన్ని మూసివేయడంతో ఉప్పదనం తగ్గింది, నాచు, కలుపు పెరిగాయి, చేపలు, రొయ్యలు క్షీణించాయి. పక్షి కంటె ముందు నష్టపోయినవాడు సరస్సు మీద ఆధారపడిన జాలరి. 2000 సెప్టెంబరులో ఇసుక మేట తవ్వి సముద్రానికి కొత్త ముఖం తెరిచారు. ఉప్పునీరు లోపలికి వచ్చింది. చేపల రాబడి రెండు మూడేళ్ళలోనే ఎన్నో రెట్లు పెరిగింది. 2002లో చిలికాను ప్రమాద జాబితా నుంచి తొలగించారు. ఆసియాలో అటువంటి గౌరవం పొందిన తొలి సరస్సు అదే. అక్కడ పక్షుల కోసం ఒక పథకం, జాలరుల కోసం మరొక పథకం వేయలేదు. నీటిని బాగుచేశారు, ఇద్దరూ బాగుపడ్డారు. ఆ ఒడ్డునే ఉన్న మంగళజోడి గ్రామంలో ఒకనాడు పక్షులను వేటాడి బతికినవారు ఇవాళ పడవల మీద సందర్శకులకు అవే పక్షులను చూపి బతుకుతున్నారు. కాపలాదారులూ వారే.

తేలినీలాపురం ఆడపడుచులు

చిలికా దాటి ఇచ్ఛాపురం చేరగానే మన రాష్ట్రం మొదలవుతుంది. ఆ మండలంలోని తేలుకుంచి గ్రామానికి తొలకరితో పాటు నత్తకొంగలు వచ్చి, ఇళ్ళ మధ్య చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, చలికాలానికి వెళ్ళిపోతాయి. వరిచేలలోని నత్తలు వాటి ఆహారం. రైతుకు అది ఖర్చులేని సస్యరక్షణ. ఇంకా దక్షిణంగా, పర్లాకిమిడి వైపు వెళ్ళే చిన్న రైలు మార్గానికి మొదలైన నౌపడా స్టేషనుకు చేరువలో, టెక్కలి మండలంలోని తేలినీలాపురం ఉన్నది. అక్కడికి వర్షాకాలం చివర గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చి మార్చి వరకు ఉంటాయి.

ఇవి సైబీరియా నుంచి వస్తాయని ఊరివారి నమ్మకం. శాస్త్రం మాట వేరు. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ దక్షిణాసియాకు చెందిన పక్షులే. నీటినీ, చేపనూ వెతుక్కుంటూ మన దేశంలోనే ఒక చోటి నుంచి మరొక చోటికి తిరుగుతాయి. సైబీరియా పక్షులు ఇక్కడ గూళ్ళు కట్టవు; చలికాచుకుని వెళ్ళిపోతాయి. ఇక్కడే గుడ్లు పెట్టే పక్షి అతిథి కాదు, ఇంటి ఆడపడుచు. ఆ విధంగా చూస్తే శాస్త్రం కంటె గ్రామస్థుల సామెతే సత్యానికి దగ్గరగా ఉన్నది. పక్షులు రాని సంవత్సరం ఊరికి మంచిది కాదన్న భయం కూడా అక్కడ ఉన్నది. రెట్టతో సారవంతమైన చెరువునీరు పొలానికి బలం అన్న అనుభవం ఆ భయానికి ఆధారం.

తేలినీలాపురంలో ఈ బంధుత్వానికి చట్టం పుట్టించలేని శక్తి ఉన్నది. కాని బంధుత్వం ఒక్కటే సరిపోదని 2021-22 శీతకాలం నిరూపించింది. ఆ కొద్ది వారాలలో అక్కడ నూరుకు పైగా గూడబాతులు చెట్ల మీది నుంచి రాలిపడి మరణించాయి. పక్షుల కడుపులో నులిపురుగులు పెరగడమే కారణమని పరీక్షలలో తేలింది. ఆ పురుగులు చేపల ద్వారా వస్తాయి. చేప ఏ చెరువులో పెరిగింది, ఆ చెరువు నీరు ఎటువంటిది అన్న ప్రశ్నకు గ్రామస్థుల వద్ద సమాధానం ఉండదు. చెట్టును వారు కాపాడగలరు. పది, పదిహేను కిలోమీటర్ల అవతలి మడుగును కాపాడడం వారి చేతిలో లేదు.

ఇటువంటి నష్టం మనకు కొత్త కాదు. 1946లో పక్షిశాస్త్రజ్ఞుడు శ్రీ కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో గూడబాతుల పెద్ద కొలువును చూసి లోకానికి వెల్లడించారు. కొల్లేటి చేప వాటికి ఆహారం. ఊరు వాటిని ఆదరించింది. అయినా 1970లు ముగిసేలోగానే ఆ కొలువు ఖాళీ అయింది. ఊరు తరిమివేయకపోయినా పక్షి లేచిపోగలదు.

బీల అంటే బంజరు కాదు

తేలినీలాపురం పక్షి గూడు కట్టేది ఊరిలో, మేత మేసేది నౌపడా ప్రాంతపు ఉప్పుమళ్ళలోనూ, తంపరలోనూ, సముద్రతీరపు మడుగులలోనూ. ఈ తీరప్రాంతపు చిత్తడి నేలను శ్రీకాకుళం జిల్లావారు బీల అంటారు. సోంపేట బీల, నౌపడా బీల అక్కడి ప్రజల నిత్యజీవనంలోని మాటలు. వర్షాకాలంలో అది నీటి గిడ్డంగి. ఎండాకాలంలో పశువుల మేతబయలు. చేప, జమ్ము, తుంగ, సాగునీరు అక్కడి నుంచే లభిస్తాయి. పై నుంచి వచ్చిన వరదను పట్టి ఉంచి, ఉప్పునీటిని పొలం మీదికి రాకుండా నిలువరించేది కూడా అదే. రెవిన్యూ దస్తావేజులలో మాత్రం ఇటువంటి నేలకు పన్ను వచ్చే పంట లేదు గనుక అది పనికిరాని భూమి.

ఆ ‘పనికిరాని’ భూమిలో బొగ్గుతో నడిచే థర్మల్ విద్యుత్కేంద్రాలు తలపెట్టినప్పుడు ఏమి జరిగినదీ పాఠకులకు విదితమే. 2010 జూలై 14న సోంపేటలో ఆందోళన చేస్తున్న రైతులు, జాలరులపై పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణనష్టం జరిగింది. సరిగ్గా ఆ రోజే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ నేల చిత్తడి నేల అన్న సంగతిని అనుమతి పొందినప్పుడు సరిగా చూపలేదన్నదే వివాద సారాంశం. తీర్పు కొద్ది రోజులు ముందుగా వచ్చి ఉంటే ఆ ప్రాణాలు నిలిచేవి. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో, నౌపడా బీల అంచున, అదే ఘోరం పునరావృతమైంది. పూర్వం కేంద్రంలో విద్యుత్ కార్యదర్శిగా పనిచేసిన శ్రీ ఇ.ఎ.ఎస్. శర్మ ఈ రెండు వ్యవహారాలలోనూ ప్రజల పక్షాన నిలిచి ఢిల్లీకి లేఖల మీద లేఖలు రాసిన సంగతి ఇక్కడ స్మరించుకోవాలి.

సోంపేటలో ఆ కేంద్రం వెలవలేదు. కాకరాపల్లిలోనూ పూర్తికాలేదు. ఆ రెండు బీలలలో ఇవాళ కొంగ వాలుతున్నదంటే అందుకు అక్కడి రైతు, జాలరి చెల్లించిన మూల్యం కారణం. వారు పక్షుల కోసం పోరాడలేదు, నీటి కోసం పోరాడారు. నీరు నిలిచింది గనుక పక్షి నిలిచింది. ఈ వరుసక్రమాన్ని మన ప్రణాళికాకర్తలు ఎన్నడూ గుర్తించలేదు. ఇప్పుడు అదే సంతబొమ్మాళి తీరంలో మూలపేట ఓడరేవు నిర్మాణం జరుగుతున్నది. 2023 ఏప్రిల్‌లో దానికి శంకుస్థాపన జరిగింది. ఓడరేవు వద్దనడం ఈ లేఖ ఉద్దేశం కాదు. వలస వెళ్ళక తప్పని జిల్లాకు ఉపాధి కావాలి. అయితే రేవు కోసం తవ్విన ఇసుక, ఒండ్రు ఎక్కడ పోస్తారు, బీలలోకి నీరు వచ్చిపోయే కాలువలు మూసుకుపోకుండా ఎవరు చూస్తారు అన్న ప్రశ్నలను ముందుగా అడగడం నేరం కారాదు.

సముద్రం నుంచి లేచిపోయినవారు

తీరం మాట వచ్చింది గనుక సముద్రం వైపు కూడా చూద్దాం. ఇచ్ఛాపురానికి ఉత్తరంగా, గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు లక్షల సంఖ్యలో వచ్చి గుడ్లు పెడతాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడికి ఆరు లక్షలకు పైగా వచ్చాయి. వాటిలో కొన్ని మన తీరంలోనూ గుడ్లు పెడతాయి. ఊపిరి కోసం నీటిపైకి వచ్చే ఈ ప్రాణి మరపడవల వలలో చిక్కితే ఊపిరాడక చనిపోతుంది. వలలో తాబేలు తప్పించుకునే మార్గం అమర్చవచ్చు. అందుకు నియమాలు ఉన్నాయి. అమర్చితే కొంత చేప కూడా జారిపోతుందని పడవలవారి భయం. ఆ నష్టాన్ని భరించవలసినది జాలరి ఒక్కడేనా, తాబేలును జాతి సంపద అని చెప్పే ప్రభుత్వమా అన్నది తేలలేదు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక అది న్యాయమే. ఆ రోజులలో జాలరి కుటుంబానికి ఇచ్చే భృతిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో 20,000 రూపాయలకు పెంచి, శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో పంపిణీ ప్రారంభించింది. సముద్రానికి విశ్రాంతి ఇచ్చినవాడికి కూలి ఇవ్వడమే సంరక్షణ అన్న సూత్రం ఇందులో ఉన్నది. ఆ సూత్రాన్ని తాబేలుకూ, పక్షికీ విస్తరింపజేయడానికి అడ్డమేమిటో తెలియదు.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్నది. అయినా అక్కడి జాలరి చేపలు పట్టడానికి దేశానికి ఆ చివర ఉన్న గుజరాత్‌లోని వెరావల్‌కు వెళుతున్నాడు. ఇంటి ముందున్న సముద్రంలో చేప తగ్గింది. పెద్ద పడవ నిలిపే జెట్టీ లేదు. 2018 నవంబరులో అటువంటి జాలరులు పాకిస్తాన్ జలాలలోకి వెళ్ళారన్న అభియోగంపై కరాచీలో బందీలయ్యారు. పద్నాలుగు నెలల తరువాత, 2020 జనవరిలో, వారిలో 20 మంది వాఘా సరిహద్దు దాటి స్వదేశంలో అడుగుపెట్టారు. కొంగకు దొరికిన స్వేచ్ఛ ఆ మనిషికి దొరకలేదు. సముద్రం మీద గీత పక్షికి కనిపించదు, ఆకలితో ఉన్న జాలరికీ కనిపించదు. జైలు మాత్రం జాలరి ఒక్కడికే.

ఢిల్లీ చేసినదీ, చేయనిదీ

కేంద్రం ఏమీ చేయలేదనడం అన్యాయమవుతుంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1981 నవంబరులో శ్రీమతి ఇందిరాగాంధి తీరరాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాసి, పోటు నీటి అంచు నుంచి 500 మీటర్ల మేర నిర్మాణాలు లేకుండా చూడాలని కోరారు. 1991లో వెలువడిన తీరప్రాంత క్రమబద్ధీకరణ నోటిఫికేషన్‌కు ఆ లేఖే బీజం. వలస ప్రాణుల సంరక్షణకు 1979లో బాన్ నగరంలో కుదిరిన ఒడంబడికలో మన దేశం 1983 నుంచి సభ్యురాలు. 2020 ఫిబ్రవరిలో ఆ సభ్యదేశాల మహాసభ గాంధీనగర్‌లో జరిగింది. ఏ దేశానికీ చెందని మహాసముద్ర జలాలలోని జీవరాశిని కాపాడే ఒప్పందంపై 2024 సెప్టెంబరులో మన దేశం సంతకం చేసింది.

ఒక చేత్తో ఇచ్చినదానిని మరొక చేత్తో తీసుకోవడం కూడా ఢిల్లీకి తెలిసిన విద్యే. తీరప్రాంత నోటిఫికేషన్‌ను 2019లో సవరించి, జనసాంద్రత అధికంగా ఉన్న గ్రామీణ తీరంలో నిర్మాణాలు నిషిద్ధమైన మేరను 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు కుదించారు. 2017లో చిత్తడి నేలల నియమాలను తిరగరాసి, తాగునీటికీ, సాగునీటికీ, చేపల పెంపకానికీ, ఉప్పు తయారీకీ మనిషి నిర్మించిన జలాశయాలను వాటి పరిధి నుంచి మినహాయించారు. ఈ మినహాయింపు మన రాష్ట్రాలకు ఎంత చేటు తెస్తుందో ఆలోచించాలి. తెలుగునాట పక్షి కొలువులలో పెక్కు మనిషి తవ్విన చెరువులే. నేలపట్టు పక్షుల కేంద్రంగా రక్షణ పొందింది గాని, గుంటూరు దగ్గరి ఉప్పలపాడు ఊరి చెరువు. నౌపడాలో పక్షి మేసేది ఉప్పుమడిలో. దేశంలోని 2,01,503 చిత్తడి నేలలను కాపాడాలని సుప్రీంకోర్టు 2017లోనే ఆదేశించింది. నియమాలు మినహాయించిన చెరువుకు ఆ ఆదేశం ఏ మేరకు గొడుగు పడుతుందో చెప్పగల అధికారి జిల్లా కేంద్రంలో దొరకడు.

చట్టాన్ని కఠినంగా అమలు జరిపితే చాలుననే వారికి ఢిల్లీకి కూతవేటు దూరంలోని భరత్‌పూర్ చరిత్ర సమాధానం చెబుతుంది. 1982లో అక్కడి కేవలాదేవ్ పక్షి కేంద్రంలో పశువుల మేతను ఒక్కసారిగా నిషేధించారు. తరతరాల హక్కు పోయిందని తిరగబడిన గ్రామస్థులపై కాల్పులు జరిగి పలువురు మరణించారు. ఆ తరువాత బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞులు సంవత్సరాల తరబడి పరిశోధించి కనుగొన్నదేమిటి? గేదెలు లేకపోవడంతో నీటిగడ్డి విపరీతంగా పెరిగి, బాతులకు బహిరంగ జలం కరువైందని. గేదె మేత పక్షికి మేలు చేస్తున్నదన్న సంగతి నిషేధం తరువాత తెలిసింది. ఆ కేంద్రానికి కిరీటం వంటి సైబీరియా కొంగ జంట 2001-02 చలికాలంలో ఆఖరుసారి కనిపించి మళ్ళీ రాలేదు. వేల కిలోమీటర్ల దారిలో వేటగాడి తుపాకి, ఎండిన మడుగులు వాటిని కబళించాయి. మన కంచె ఎంత గట్టిదైనా దారి పొడుగునా కంచె వేయలేము.

కొల్లేరు కూడా ఈ మాటే చెబుతుంది. 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సార్ జాబితాకు ఎక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు బద్దలు కొట్టారు. బినామీ పేర్లతో వందల ఎకరాలు చుట్టిన పెత్తందారు మరొక వ్యాపారం చూసుకోగలడు. అర ఎకరం వాటాతో బతికిన జాలరికి ప్రత్యామ్నాయం చూపనందువల్ల, ఎన్నికల ముందు ప్రతిసారీ సరిహద్దు కుదించాలన్న కోరిక లేస్తూనే ఉంటుంది. బతుకుతెరువు చూపని సంరక్షణకు ఎన్నికల గండం తప్పదు.

కనుక చేయవలసినది స్పష్టమే. మొదటిది, పక్షి వాలే చెరువునూ, ఉప్పుమడినీ, బీలనూ ఎవరు తవ్వించారన్న ప్రశ్న లేకుండా చిత్తడి నేలలుగా నమోదు చేయాలి; రెవిన్యూ రికార్డులలో ‘బంజరు’ అన్న మాట కొట్టివేయాలి. రెండవది, సంత్రాగచ్చి వంటి చోట్ల భూమి యజమాని అయిన శాఖనే నీటికి కూడా బాధ్యురాలిని చేయాలి. దేశంలో అతి పెద్ద భూస్వాములలో రైల్వే శాఖ ఒకటి; తన సరస్సులను లెక్కించి, వాటి స్థితిని ఏటా పార్లమెంటుకు నివేదించడం దానికి పెద్ద భారం కాదు. మూడవది, పక్షిని కాపాడే గ్రామానికీ, తాబేలు కోసం వల మార్చుకునే జాలరికీ వేట నిషేధ కాలపు భృతి వలె హక్కుగా ప్రతిఫలం ఇవ్వాలి. మర్యాదపత్రం, శాలువా సరిపోవు.

ఖరిదాలోని పెద్దాయన ప్రశ్నకు సమాధానం ప్రస్తుతానికి ‘వస్తున్నాయి’ అనే. అయితే అవి రావడం ఢిల్లీ ఘనత కాదు. చెట్టు కొట్టని ఊరివారిదీ, బీల వదలని రైతులదీ. శ్రీకాకుళం నుంచి ఎన్నికై పార్లమెంటుకు వస్తున్నవారూ, మంత్రి పదవులలో ఉన్నవారూ తమ జిల్లా నుంచి సాగే వలసలను ఆపుతామని ప్రతి ఎన్నికలోనూ వాగ్దానం చేస్తున్నారు. జిల్లాకు వచ్చే వలసను నిలబెట్టుకోవడానికి వారు సభలో ఎన్ని ప్రశ్నలు వేశారో, రాబోయే సమావేశాలలో ఎన్ని వేస్తారో ఓటర్లు లెక్క చూడడం మంచిది. పక్షి ఉండగలిగిన చోటు నుంచి మనిషి లేచిపోవలసిన అవసరం అరుదుగా వస్తుంది. పక్షి రావడం మానుకున్న చోట మనిషి ఎంతకాలం నిలుస్తాడన్నది ఆరేడును చూసినవారు ఆలోచించవలసిన విషయం.